చెయ్యి వదలనోళ్ళు

ఐరాల,
9 ఫిబ్రవరి 2025

లోహితమ్మా,

మీ నాయన చెంగల్రాయుడు రాసేది. ఈడ అందరం బాగుండాము. నల్లావు ఈనింది, పెయ్యదూడ. మీయమ్మ జున్ను వండి, నువ్వు లేవని నీ వంతు కూడా నాకే పెట్టింది.

నువ్వు ఫోను మీద ఫోను చేస్తా ఉండావు. నేను ఎత్తడం లేదు, మీయమ్మను కూడా ఎత్తొద్దన్నా. ఫోన్లో నువ్వు నవ్వుతావు. నీ నవ్వు వింటే నేను అడగాలనుకున్నది మర్చిపోతా. కాగితం మీద నవ్వు వినపడదు. చదివిందే మళ్ళా చదువుకోవచ్చు. మన ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషివి నువ్వు. నీ పలక మీదనే నేనూ దిద్దుకున్యా. ఆ అక్షరాలతోనే అడగతా ఉండా, ఆ అక్షరాలతోనే చెప్పు.

చిత్తూరులో ఇనుప సామాన్ల అంగడి నారాయణ శెట్టి కొడుకు రూపేష్, మీ అండమానుకు వచ్చి, నీళ్ళ కింద చేపలు చూసేదానికి దిగి, మునిగిపోబోయినాడంట గదా. ఆ వీడియో ఈడ అందరి ఫోన్లల్లో ఉండాది. నేనూ చూసినా. పడవ మీద నుంచి ఎవురో తీసినారు. వాడు నీళ్ళల్లో కొట్టుకుంటా ఉండాడు. నువ్వు వాని ముందర ఉండావు. వాడు నీ మీదికి వస్తానే రెండు కాళ్ళూ ఎత్తి వాని రొమ్ము మీద పెట్టి తన్ని, వెనక్కి పోయినావు. ఆడికి అయిపోయింది. తర్వాత ఏమీ లేదు.

మనిషి బతికినాడంట. సంతోషం. ఎట్ల బతికినాడో, ఎవురు బతికించినారో ఆ వీడియోలో లేదు.

నిన్న టీ అంగడి తావ సుందరరాజు నలుగురి ముందర అంటాడు, "ఏమప్పా చెంగల్రాయుడూ, మీ యన్న మునివెంకటప్ప మునిగేవాణ్ణి పట్టిన చెయ్యి వదలకుండా వానితోనే బాయిలో పాయె. దానికి గదా మీ ఇంటికి చెయ్యి వదలనోళ్ళని పేరు పెట్టింది. ఇప్పుడు మీ ఇంట్లోనే కాలు విదిలించేది పుట్టిందే." అందరూ నవ్విరి. నేను టీ సగంలో పెట్టి వచ్చేసినా.

మా యన్న పెండ్లాం, మీ పెద్దమ్మ మునిరత్నమ్మకు కూడా ఎవురో చూపించినారు. ఏమీ అనలే. అనుంటే బాగుండేది.

ఉన్నది ఉన్నట్టు రాయి. నీ చదువుతో అందంగా రాయొద్దు.

మీ నాయన


హేవ్‌లాక్, అండమాన్,
19 ఫిబ్రవరి 2025

నాయనా,

నీ ఉత్తరం పోర్ట్ బ్లెయిర్ నుంచి పడవలో వచ్చింది. నీ చేతిరాత చూసి ముందు సంతోషం వేసింది, చదివాక అది నిలవలేదు. అయినా ఉత్తరమే మంచిది. ఇక్కడ సిగ్నల్ గాలిని బట్టి వస్తుంది, పోతుంది.

జరిగింది చెబుతాను. మా డైవింగ్ కేంద్రంలో ఆపదలో ఉన్నవాళ్ళను కాపాడే ప్రత్యేక శిక్షణ ఉన్నది ఒక్క బాలచంద్ర సార్‌కే. నేను సహాయకురాలిని. వచ్చినవాళ్ళకు సామాను తొడగడం, నీళ్ళపై కనిపెట్టుకుని ఉండడం నా పని. ఆ రోజు సార్ మిగతావాళ్ళతో కింద ఉన్నారు. రూపేష్ గారి కళ్ళద్దాల్లోకి నీళ్ళు వెళ్ళాయి. ఆయన చెప్పకుండా పైకి వచ్చేశారు. పైకి వచ్చాక భయం మొదలైంది. కళ్ళద్దాలు లాగి పారేశారు, నోట్లోని గాలి గొట్టం ఉమ్మేశారు. సిలిండరులో గాలి సగానికి పైగా ఉంది. భయపడిన మనిషికి గాలి ఇచ్చే గొట్టమే గొంతు నొక్కుతున్నట్టు ఉంటుందట.

ఎలాగో నన్ను పట్టుకున్నారు. ఇద్దరం మునిగాం. కిందికి వెళ్ళగానే ఆయన పట్టు వదిలారు, ఎందుకంటే ఆయనకు కావలసింది పైకి రావడం. నేను పక్కకు తేలాను. మళ్ళీ మీదికి వచ్చారు. అప్పుడే కాళ్ళతో నెట్టి దూరం జరిగాను. మీరు చూసింది అదే. ఆ తర్వాత చుట్టూ తిరిగి ఆయన వెనక్కి వెళ్ళాను. సిలిండరు మెడ పట్టుకున్నాను. మునగడానికి నడుముకు కట్టే బరువైన సీసం బెల్టు విప్పి వదిలేశాను. ఒంటి మీది జాకెట్టుకు ఒక మీట ఉంటుంది, అది నొక్కితే గాలి నిండి మనిషి తేలతాడు. అలా తేల్చి పడవ దగ్గరికి లాక్కొచ్చాను. పడవలో టీ తాగి నాకు దండం కూడా పెట్టారు.

వీడియో తీసింది వాళ్ళావిడ స్రవంతి గారు. మిగతాది ఎందుకు లేదో నాకు తెలియదు.

ఉప్పునీళ్ళకు జుట్టు ఊడుతుందని అమ్మను దిగులు పడొద్దను. కందిపొడి అయిపోయింది. ఇక్కడి అన్నం నీళ్ళన్నమే, ఏ పొడీ లేకుండా దిగదు. పెద్దమ్మకు ఈ ఉత్తరం చదివి వినిపించు.

నీ కూతురు
లోహిత


ఐరాల,
2 మార్చి 2025

లోహితమ్మా,

జాబు వచ్చింది. పోస్ట్‌మ్యాన్ నరేంద్ర వాకిట్లోనే నిలబడి, "ఏమి రాసిందన్నా, తన్నిందంటనా లేదంటనా" అనడిగినాడు. జాబు మోసేవానికి కూడా జవాబు కావల్ల.

నువ్వు రాసింది బాగుండాది. శానా బాగుండాది. అదే నాకు అనుమానం. "సిలిండరు మెడ" అంట, "మీట" అంట. ఎవురో పక్కన కూర్చోని చెప్పతా ఉంటే రాసినట్టుండాది. మీ కేంద్రం వాళ్ళు ఇట్ల రాయమన్న్యారా? అయ్యుంటే అయ్యుండాదని రాయి, నేనేమీ అనుకోను. ఉద్యోగం ఇచ్చినోళ్ళ మాట వినాల్సి వస్తాది.

ఒక్క మాట మాత్రం నీదే. "ఎలాగో నన్ను పట్టుకున్నారు." ఈ ఎలాగో నాకు తెలుసు. చిన్నప్పుడు పాల చెంబు బోర్లా పడేసి "ఎలాగో పడింది నాయనా" అనేదానివి. నీళ్ళల్లో మనిషిని మనిషి ఎలాగో పట్టుకోడు. నేను బాయిల్లో దిగి ఎంతమందిని తీసినానో నీకు తెలుసు, బతికినోళ్ళనూ, చచ్చినోళ్ళనూ. పట్టుకునేదానికి ముందర ఏదో ఒకటి జరిగుంటాది. అది నువ్వు రాయలే.

ఇంకొకటి. కాపాడే చదువు మీ సారుకొక్కడికే ఉండాదని నువ్వే రాసినావు. అంటే నీకు లేదు. లేనిదానివి ఎట్ల చేసినావు? చేసింది నువ్వేనా, లేకుంటే సారు వచ్చి చేస్తే నీ పేరు పెట్టినారా? చిత్తూరు అంగడికి పోయొచ్చినోళ్ళు ఇంకో మాట చెప్పినారు. నోట్లో గొట్టాన్ని ఆ పిల్లే పీకిందని రూపేష్ అన్న్యాడంట. దీనికి ఏమంటావు?

నీ జాబు చదవతా రమ్మంటే మీ పెద్దమ్మ, "నాకు దూడ పని ఉండాది" అనింది. దూడ మనది, ఆమెది కాదు. నీ జాబు వచ్చిందంటే ముందర ఆమెకే చదివేవాణ్ణి గదా, ఎప్పుడూ చెయ్యి తుడుచుకోని వచ్చి కూర్చునేది.

ఉగాది అయినాక మెట్ల బాయిలో పిల్లోళ్ళకు ఈత నేర్పేది మొదలుపెట్టల్ల. ఈ తూరి రెండిండ్లవాళ్ళు వాళ్ళ పిల్లోళ్ళను పంపేది లేదన్న్యారు. ఒకామె మీయమ్మతో, "మీ ఆయన చెయ్యి వదలొద్దని చెప్తాడు, మీ పాప వదిలి చూపించె, మా పిల్లోళ్ళు ఏది నేర్చుకోవల్ల" అనిందంట.

ఉగాది లోపల ఇంటికి రా. బాయి గట్టు మీద నిలబడి అందరికీ నువ్వే చెప్పు. లేదంటే నేనే వచ్చి పిలుచుకోని వస్తా.

కందిపొడి పంపిస్తా ఉండాము. తెల్లగడ్డ ఎక్కువేసింది మీయమ్మ.

నాయన


హేవ్‌లాక్,
13 మార్చి 2025

నాయనా,

నాకు పక్కన కూర్చుని ఎవరూ చెప్పలేదు. పుస్తకం మాటలు రాస్తే అద్దె మాటలనుకుంటే నేనేం చేయాలి? నన్ను బడికి పంపింది నువ్వే.

నాకు కూడా ఒక అనుమానం ఉంది. ఈ ప్రశ్నల్లో సగం నీవి కావు. టీ అంగడి దగ్గర పుట్టినవి. గొట్టం నేను పీకలేదు. ఆయన ఉమ్మేస్తే మళ్ళీ నోట్లో పెట్టబోయాను. సార్ పైకి వచ్చేసరికి రూపేష్ గారు పడవలో ఉన్నారు. నువ్వు సార్‌కు ఫోన్ చేసి అడగవచ్చు. ఆయన అరవం మాట్లాడతారు, నీకూ వచ్చు.

శిక్షణ సంగతి నువ్వు అడిగింది మాత్రం న్యాయమే. అప్పటికి నాకు లేదు. సార్ ఇతరులకు నేర్పుతుంటే రెండుమూడుసార్లు దూరం నుంచి చూశాను, అంతే. అలాంటి దానిని ఒక మనిషి ప్రాణం దగ్గర ఒంటరిగా పెట్టకూడదు. ఆ మాట కేంద్రంలోనే అన్నాను. ఇకమీదట సహాయకులందరూ రెస్క్యూ శిక్షణ పొందాలని సార్ నిర్ణయించారు. మాకు మొదలైంది. అందుకే ఉగాదికి రాలేను.

మొదటి రోజు నన్నే మునిగే మనిషిగా నటించమన్నారు. నేను నిజంగానే సార్ మెడ పట్టుకున్నాను. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. నెమ్మదిగా కిందికి దిగారు. నా చేతులు వాటంతట అవే వదిలేశాయి. ఆయన ఎక్కడికి వెళ్ళారో తెలిసేలోపు నా వెనక ఉన్నారు. కాపాడేవాడు మొదట తాడు విసరాలి, లేదా తేలేది ఏదైనా. అదీ అందకపోతేనే నీళ్ళలోకి దిగాలి. దిగినా ఎదురుగా వెళ్ళకూడదు. చేయి ఇవ్వకూడదు. కాపాడబోయినవాడు మునిగితే అక్కడ ఇద్దరు మునిగేవాళ్ళు ఉంటారు, కాపాడేవాడు ఒక్కడూ ఉండడు. ఇది సార్ మాట.

తర్వాత మాకు తెలిసిన ప్రమాదం ఒకటి చెప్పమన్నారు. నేను పెద్దనాయన సంగతి చెప్పాను. సార్ ఒక్కటే అడిగారు, "ఎవరి చేయి ఎవరి మీద ఉంది?" నాకు తెలియలేదు. అప్పుడు నేను చంటిపిల్లను. ఇద్దరినీ పైకి తీసింది నువ్వు. ఎవరి చేయి ఎవరి మీద ఉంది నాయనా?

నేర్చుకోవడానికే అడుగుతున్నాను. వేరే ఉద్దేశం లేదు.

కందిపొడి అందింది. గది అంతా మన వంటిల్లు వాసన.

లోహిత


ఐరాల,
24 మార్చి 2025

లోహితకు,

మా యన్న సంగతి పాఠం చేసి నలుగురికీ చెప్పమని నీకెవురు చెప్పినారు?

ఆయన పోయిన దినం ఊర్లో పొయ్యి వెలిగించలే. ఇప్పటికీ జాతరలో మీ పెద్దమ్మకు ముందర కుర్చీ వేస్తారు. బిడ్డల్లేని మనిషి, ఆ కుర్చీ ఒక్కటే ఆమెకు మిగిలింది. దాన్ని కూడా మీ సారు లాగేయల్లనా? మా యన్నకు ఈత రాదనా, తెలివి లేదనా నువ్వు అనేది? నువ్వు చేసింది సరి అని చెప్పుకునేదానికి ఆయన చేసింది తప్పు కావల్ల, అంతే గదా. నాకు అర్థమయింది.

ఎలాగో అనే దానికి మాత్రం జవాబు ఇంకా రాలే.

మీయమ్మ బాగుండాది. మామిడి పూత నిలబడింది.

చెంగల్రాయుడు


హేవ్‌లాక్,
4 ఏప్రిల్ 2025

నాయనా,

ఎప్పుడూ "నాయన" అని ముగించేవాడివి, ఈసారి పేరు రాశావు. ఊరివాళ్ళకు రాసినట్టు ఉంది.

"ఎలాగో" గురించి చెబుతాను. నిన్ను బాధపెట్టడం ఇష్టం లేక దాచాను. దాచానని నువ్వు పట్టుకున్నావు, దాచింది ఏమిటో మాత్రం పట్టుకోలేదు.

రూపేష్ గారు పైకి వచ్చి కొట్టుకుంటున్నప్పుడు నేను ఆయనకు దగ్గరలోనే ఉన్నాను. సార్ నేర్పుతుండగా చూసింది ఏదీ గుర్తు రాలేదు. నాకు వినిపించింది నీ గొంతు. మెట్ల బావిలో మోకాళ్ళ లోతున నిలబడి మాకు చెప్పేవాడివి కదా, "ముందరికి పో, చెయ్యందీ, పట్టుకున్నాక చచ్చినా వదలొద్దు" అని. నేను ముందరికి వెళ్ళాను. చేయి ఇచ్చాను. "అన్నా, పట్టుకో" అన్నాను. ఆయన నా చేతిని తాడులాగా పట్టుకుని నా మీదికి ఎక్కారు. నా తల ఆయన పొట్ట కింద ఉంది. నా గొట్టం కూడా ఊడిపోయింది.

నీళ్ళ కింద కూడా నేను వదలలేదు నాయనా. వదలకూడదు, మన ఇల్లు వదలదు అని అక్కడ కూడా అనుకున్నాను. ఆయన పట్టు వదిలినా నేను ఆయన మణికట్టు పట్టుకునే ఉన్నాను. నాకు ఊపిరి అందక ముందు అంతా పచ్చగా కనిపించింది, తర్వాత గోధుమ రంగు. అప్పుడు వదిలాను. ఆలోచించి కాదు. చేయి దానంతట అది తెరుచుకుంది. పైకి వచ్చి గాలి పీల్చుకున్నాక మాత్రమే ఆలోచన వచ్చింది. రెండోసారి ఆయన మీదికి వస్తే కాళ్ళు అడ్డం పెట్టింది ఆలోచించే. వెనక్కి వెళ్ళింది ఆలోచించే.

నువ్వు వీడియోలో చూసి సిగ్గుపడింది నేను సరిగా చేసిన మొదటి పని. అంతకు ముందు చేసింది ఎవరూ వీడియో తీయలేదు.

పెద్దనాయనకు తెలివి లేదని నేను అనను. ఆయనకూ ఎవరో అలాగే నేర్పి ఉంటారు. నా భయం అంతా ఒక్కటే. ఉగాది అయిపోయింది. నువ్వు మెట్ల బావిలో నిలబడి పిల్లలకు మళ్ళీ అదే చెబుతూ ఉంటావు. వాళ్ళు నీ మాట నమ్ముతారు. నేను నమ్మినట్టే.

నా మీద ఎంత అనుమానం ఉన్నా పర్వాలేదు. ఈ వేసవికి ఆ మాట మాత్రం చెప్పొద్దు.

లోహిత


ఐరాల,
20 ఏప్రిల్ 2025

అమ్మా లోహితా,

నీ జాబు వచ్చిన దినం ఈత మొదలుపెట్టల్సింది. పిల్లోళ్ళు వచ్చిరి. నాకు జొరమని చెప్పి పంపించేసినా. జొరం లేదు.

నిన్ను నమ్మినానని కాదు. నమ్మితే ఏమవతాదో అని భయం. అందుకని చిత్తూరు బస్సెక్కినా. ఎవురి మాటా వద్దు, నేనే అడగతా అని.

రూపేష్ గల్లాపెట్టె తావ కూర్చోనుండాడు. "ఏం కావాలన్నా, మేకులా?" అన్న్యాడు. "నేను లోహిత నాయన్ని" అన్నా. లేచి నిలబడినాడు. తన కుర్చీ నా పక్కకు జరిపినాడు. నేను కూర్చోలే.

"నీ నోట్లో గొట్టం మా పాప పీకిందంటనే."

"ఎవురన్న్యారు?"

"నువ్వే అన్న్యావంట."

"అయ్యో, కాదన్నా. ఆమె పెట్టబోతే నేనే పీకి పారేసినా అని చెప్పినా."

ఆ మాట చిత్తూరు నుంచి ఐరాలకు వచ్చే లోపల చేతులు మార్చుకునింది. సరే, వీడియో అంత వరకే ఎందుకుండాది అని అడిగినా. వాడు తల వంచుకోని నట్లు డబ్బాలో వేళ్ళు పెట్టి కదిలిస్తా ఉండాడు. లోపల నుంచి స్రవంతి వచ్చింది.

"నేనే కోసినాను. దాని తర్వాత ఈయన అమ్మా అమ్మా అని ఏడుస్తారు. వాంతి చేసుకుంటారు. మా మామ చూస్తాడు, అంగడికొచ్చే వాళ్ళంతా చూస్తారు. కట్టుకున్నోడు ఏడ్చేది ఊరికి చూపిస్తానా?"

"అట్లయితే అసలు పెట్టకుండా ఉండాల్సింది గదమ్మా."

"సముద్రంలో దిగొద్దని మా వదినెలకు చెప్పేదానికి ఒక గ్రూపులో పెట్టినా. అది ఎట్లెట్లనో పోయింది."

"నీ మొగుని కండ్లనీళ్ళు దాచుకున్యావు. నా బిడ్డ కాలు మాత్రం జిల్లా అంతా చూసింది" అన్నా. ఆ పాప ఫోను తెచ్చి నా చేతిలో పెట్టి, లోపలికి పోయింది. రూపేష్ షట్టరు సగం దించినాడు.

చూసినా. నువ్వు వెనక్కి పోయి, మళ్ళా చుట్టూ తిరిగి వచ్చినావు. వాని వెనకాల చేరి, వాణ్ణి వెల్లకిలా తేల్చినావు. వాడు ఏడస్తా ఉండాడు. నువ్వు మాట్లాడతానే ఉండావు. "అన్నా, ఈడనే ఉండా. నీ యెనకాలనే ఉండా. కాళ్ళు ఆడించొద్దు. పైకి చూడు. ఈడనే ఉండా." పడవ దాకా అదే మాట. నీ జాబుల్లో ఈ మాటలు రాసుంటే నేను అప్పుడే నమ్ముండేవాణ్ణి. నువ్వు మీట గురించి రాసినావు.

వచ్చేటప్పుడు బస్సులో నువ్వు అడిగింది గుర్తుకొచ్చింది. ఎవురి చెయ్యి ఎవురి మీద అని.

ఆ మునిగినోని చేతులు మా యన్న మెడ చుట్టూ ఉన్యాయి. మా యన్న వేళ్ళు వాని మణికట్టుకు ఉన్యాయి. గట్టు మీద పెట్టినాక ఎవురో అన్న్యారు, "చూడండప్పా, చచ్చినా చెయ్యి వదలలే" అని. అందరూ అదే అన్న్యారు. నేనూ అదే అన్నా. తీసినవాణ్ణి నేను, నాకు వేరేగా ఏమీ తట్టలే. ఇప్పుడు కండ్లు మూసుకుంటే ఆ వేళ్ళు మణికట్టు పై నుంచి పట్టినట్టు లేవు. కింద నుంచి దూర్చినట్టుండాయి. పట్టుకున్యాడో, పెరుక్కుంటా ఉన్యాడో. చూసేవాళ్ళకు రెండూ ఒకటే మాదిరి ఉంటాయి.

ఆ తర్వాత రెండు దినాలు ఎవురికీ చెప్పలే. మీయమ్మ, "ఏందయ్యా, ఏదో మింగినోని మాదిరి ఉండావు" అనింది. మూడో దినం పిల్లోళ్ళను పిలిచినా. ఒక తాడు, మూత బిగించిన ఖాళీ క్యాన్లు గట్టు మీద పెట్టినా. "ఈ ఏడు ముందర ఇది విసిరేది నేర్చుకోవల్ల. చెయ్యి ఇయ్యొద్దు. ఎవురైనా పట్టుకుంటే కిందికి పోండి, వాడే వదలతాడు. వదిలినాక పైకొచ్చి యెనక నుంచి పోండి" అని చెప్పినా. చెప్పేటప్పుడు నా గొంతు నాకే కొత్తగా ఉండాది.

తల ఎత్తితే మీ పెద్దమ్మ మెట్ల మీద నిలబడుండాది. మా యన్న ఆ బాయిలోనే పోయినాక ఆమె ఆడికి రాలే. ఎవురు పోయి చెప్పినారో నాకు తెలీదు.

"మరిదీ, ఇప్పుడు చెప్పింది మళ్ళా చెప్పు" అనింది.

చెప్పినా.

"అయితే, ఆయన వదిలుంటే వచ్చుండేవాడా?"

"వచ్చుండేవాడేమో వదినా."

"ఏమో అనొద్దు."

నేను ఆమెను గట్టు మీద కూర్చోబెట్టి వేళ్ళ సంగతి చెప్పినా. ఆమె ఏడ్వలే. కొంగు నోటికి అడ్డం పెట్టుకోలే. నన్నే చూస్తా ఉండాది, దొంగను చూసినట్టు.

"ఇన్నేండ్లు వదలనోని పెండ్లామని కుర్చీ వేస్తిరి. ఆ కుర్చీలో కూర్చోని, నన్ను వదిలిపెట్టినోడు ఎవుణ్ణో వదలలేదని సంబరపడినా. ఇప్పుడు వదలాలని చూసినాడంటా ఉండావు. ఏది నమ్మేది? అప్పుడు చెప్పిందీ నువ్వే, ఇప్పుడు చెప్పేదీ నువ్వే. నీళ్ళ కింద ఆయనతో మీరెవురూ లేరు."

తర్వాత ఆమె అనింది ఉన్నది ఉన్నట్టు రాస్తా ఉండా, ఒక్క మాట మార్చలే.

"లోహితను రమ్మను. నన్ను ఈ బాయిలో దించమను. నాకు ఈత రాదు. నేను భయపడి పట్టుకుంటా, నటన కాదు, నిజంగానే పట్టుకుంటా. అది విడిపించుకునేది చూడల్సిన పని లేదు. విడిపించుకునేది ఎవురికైనా వస్తాది. విడిపించుకోని పోయినాక మళ్ళా నా కోసరం వస్తాదా లేదా, అది చూడల్ల నాకు."

ఆ మాట చెప్పి మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆమె కోపం నా మీదనో, మా యన్న మీదనో, నీ మీదనో నాకు తెలీలే. రాత్రికి మీయమ్మ కూడు తీసుకోని పోతే తలుపు తీసింది, తినింది. అంతవరకు సంతోషం.

వద్దని నేను చెప్పినా వినదు. నువ్వు రాస్తే వింటాదేమో. ఏం రాయల్లో నువ్వే చూసుకో.

మీ నాయన


హేవ్‌లాక్,
30 ఏప్రిల్ 2025

నాయనా,

నా శిక్షణ పూర్తయింది. సెలవు అడిగాను, ఇచ్చారు. చెన్నై దాకా విమానం, అక్కడి నుంచి చిత్తూరు బస్సు. అమ్మను బస్టాండుకు రావద్దను, ఎండలు ఎక్కువ.

సార్ ఒక జాకెట్టు ఇస్తున్నారు, పెద్దమ్మకు సరిపోతుంది. దానిలో గాలి ముందుగా నింపను, అవసరమైతే నా చేతికి అందేలా మీట ఉంటుంది. ఆమె నడుముకు తాడు కడతాను. దాని రెండో కొస నీ చేతిలో ఉండాలి, గట్టు మీద, నువ్వు నీళ్ళలోకి దిగకూడదు. మూత బిగించిన క్యాన్లు రెండు పక్కలా ఉంచు. పిల్లలను దూరంగా కూర్చోబెట్టు, కానీ పంపేయవద్దు. ఉదయం పూట, నీళ్ళు తేటగా ఉన్నప్పుడు.

వద్దని ఆమెకు నేను రాయను. ఆమె అడిగింది సరైన పరీక్ష. దీనిని సార్ కూడా పెట్టలేదు.

పెద్దమ్మకు ఒక్క మాట చెప్పు. నన్ను ఎత్తుకుని పెంచానని తలుచుకుని మెల్లగా పట్టుకోవద్దని చెప్పు. గట్టిగా పట్టుకోమను.

లోహిత